ప్రీపోన్ అయిన పెళ్ళి

ప్రీపోన్ అనే మాట అసలు ఇంగ్లీషులోనే లేదని శ్రీ సిటీ ఫ్యాక్టరీలో మా మేనేజరు తేల్చేశాడు. పోస్ట్‌పోన్‌ను చూసి మనవాళ్ళే కల్పించుకున్నారట. లాటిన్‌లో ‘పోన్’ అంటే పెట్టడం, ‘పోస్ట్’ అంటే తర్వాత, ‘ప్రీ’ అంటే ముందు అని పాఠం కూడా చెప్పాడు. తర్వాత పెట్టుకోవడానికి మాట ఉండి, ముందే పెట్టుకోవడానికి లేకపోవడం ఏం న్యాయం? మా షిఫ్టులు, మీటింగులు, ఆఖరికి నా పెళ్ళి కూడా ప్రీపోన్ అయినవే.

పెళ్ళికొడుకును వాళ్ళ కంపెనీ ట్రైనింగుకు పంపుతోందని, ముహూర్తం అనుకున్నదానికన్నా ముందే పెట్టారు. నాకు లోలోపల సంబరమే. నగరిలో మా ఇంటికి పోయి, మగ్గం మీదున్న నాయనకు చెప్పాను.

“ప్రీపోన్ అంటే?”

“ముందే పెట్టుకునేది నాయనా.”

“పెండ్లి ముందే పెట్టుకుంటారు, సరే. సీర సగం గూడా రాలేదే. మగ్గానికి ఎవురు సెప్తారు?”

మా ఇంట్లో ఆడపిల్ల ముహూర్తం చీర తండ్రే నేయాలి, ఇంకో చెయ్యి పడకూడదు. మా అత్తల చీరలు తాత అలాగే నేశాడు. ఒకటి కొనుక్కుందామని నేనంటే నాయన మగ్గం దిగనే లేదు. అన్నం కూడా మగ్గం దగ్గరికే తెప్పించుకుని నేశాడు. నడుము పట్టేసింది గానీ చీర అయ్యేలా లేదు.

పక్కింట్లో నేసే చిన్నాయన వచ్చి మగ్గం ముందు నిలబడ్డాడు.

“లెయ్యన్నా. ఆ పాప నాకు కూతురు గాదా?”

“దెబ్బ మారితే గుడ్డలో తెలిసిపోతాదిరా.” పోగును దగ్గరికి కొట్టే దెబ్బ ఒక్కొక్కరిది ఒక్కోలా పడుతుంది మరి.

“తెలిస్తే తెలియనీ.”

నాయన గొణుక్కుంటూ లేచాడు. చిన్నాయన అలిసిపోతే పిన్నమ్మ నేసింది. ఆ తర్వాత ఎవరినీ అడక్కుండా అమ్మ కొంగు బిగించి కూర్చుంది. పెళ్ళైనప్పటి నుంచి అమ్మ దారం కండెలు చుట్టడమే గానీ మగ్గం ఎక్కింది లేదు. పుట్టింట్లో నేత నేర్చుకుందని నాకే తెలియదు. పోగు తెగినప్పుడల్లా ముందు తనే నవ్వింది, తర్వాత అందరం నవ్వాం.

పెళ్ళిరోజు పీటల మీదికి పోయే ముందు నాయన నా చీర చెంగు పట్టుకుని వేలితో తడిమాడు. చెయ్యి మారినచోటల్లా సన్నగా చార తెలుస్తూనే ఉంది.

“ఈడ మీ సిన్నాయన. ఈడ పిన్నమ్మ.”

నేత కాస్త వదులుగా ఉన్నచోట వేలు ఆగిపోయింది. ఇప్పుడు చిన్నబుచ్చుకుంటాడేమోనని భయమేసింది నాకు.

“ఈడ మీ యమ్మ,” అన్నాడు. “పెండ్లి ముందే పెట్టుకోకపోయింటే ఈ సెయ్యి పడేదే గాదు గదా పాపా.”