తొందరేం లేదమ్మా

ఇంగ్లండులోని గ్రిమ్స్‌బీలో మా వీధి చివరింటి ఎనిడ్ ఎవరినీ ఇబ్బంది పెట్టదు. బస్సులో ఎవరైనా తన కాలు తొక్కితే తనే క్షమించమంటుంది. దుకాణంలో తన వెనక నిలబడ్డవాళ్లను ముందుకు పొమ్మంటుంది. ఈ జనవరిలో వాళ్ల ఇల్లు వేడిచేసే బాయిలర్ ఆగిపోయింది. భర్త క్లిఫ్ ఊపిరితిత్తులు ఎప్పుడో పాడయ్యాయి, చలి తగిలితే ఆస్పత్రే. ఇలాంటి అవసరానికనే ఏళ్లుగా బీమా కడుతున్నారు. అయినా వెంటనే మనిషిని పంపడం కుదరదంది కంపెనీ. ఎందుకో అడగడానికి ఎనిడ్ కోటు మీద కోటు తొడుక్కుని, ఫోన్ రెండు చేతులతో పట్టుకుని నడవలో నిలబడింది.

"మీ మొదటి ఫోన్ రికార్డు విన్నామండీ," అంది అవతలి అమ్మాయి. "'తొందరేం లేదమ్మా, మాకంటే కష్టంలో ఉన్నవాళ్లను ముందు చూడండి' అన్నారు మీరే. అలాంటప్పుడు అత్యవసరం ఎలా అవుతుంది?"

ఎనిడ్ చెంపలు ఎర్రబడ్డాయి. "అది మర్యాదకు అన్నానమ్మా."

"రేపు నన్ను పాతిపెట్టేవాళ్లక్కూడా తొందరేం లేదనే చెప్తుంది," అన్నాడు క్లిఫ్ గదిలోంచి. తన మాటకు తనే నవ్వబోయాడు, దగ్గు అందుకుంది.

"ఇప్పుడెలా ఉందండీ మీ పరిస్థితి?" అడిగింది ఆ అమ్మాయి.

ఎనిడ్ నోరు తెరిచింది. "ఏదో, పరవా..." అని ఆగిపోయింది. మెల్లగా గది గుమ్మం దాకా నడిచి, ఫోన్‌ను క్లిఫ్ మంచం వైపు చాపి, దగ్గు ఆగేదాకా అలాగే పట్టుకుని నిలబడింది.