ఇద్దరి మధ్య ఒక పళ్ళెం

మా యూనివర్సిటీ చరిత్ర విభాగంలో నన్ను "ఆఫ్రికా మేడం" అనేవాళ్ళు. అందులో గౌరవం కన్నా వెటకారం పాలే ఎక్కువ. పుదుచ్చేరిలో ఉంటూ సెనెగల్ ఆడవాళ్ళ వంటిళ్ళ మీద పరిశోధన చేసే మనిషిని మామూలుగా పిలవడానికి వాళ్ళకు నోరు రాలేదు. మా అమ్మయితే ఆ మాత్రం మర్యాద కూడా పాటించేది కాదు. అరియాంకుప్పంలో మా ఇంట్లో పొయ్యి దగ్గర నిలబడి, "యాడో ఉండేవాళ్ళ వంటిల్లు నీకెందుకే? మన వంటింట్లోకి ఒక తూరి వచ్చి చూడు, ఏముండాదో" అనేది.

ఎందుకో నాకూ సరిగ్గా తెలియదు. పరాయి ఇంట్లో ఏం వండుకుంటారు, ఎవరు ముందు తింటారు, ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారు అని ఆరా తీయడం చిన్నప్పటి నుంచీ నాకున్న జబ్బు. దానికి జీతం ఇస్తామన్నారు కాబట్టి చరిత్రకారిణినయ్యాను. మా ఊరూ సెనెగలూ ఒకప్పుడు ఒకే ఫ్రెంచి దొరల కింద ఉండేవి, కాగితాలకు కొదవ లేదు. కానీ ఆ కాగితాలు రాసినవాళ్ళంతా మగ అధికారులు. రేవులో ఏ సరుకు దిగిందో రాశారు గానీ, అది ఎవరింటి పొయ్యి మీద ఉడికిందో ఒక్కడూ రాయలేదు. నా పుస్తకంలో ఇరుగుపొరుగు గురించిన అధ్యాయం అక్కడే ఆగిపోయింది. ఆ వంటిళ్ళను కళ్ళారా చూసిన మనిషి ఎవరైనా నోరు విప్పితే తప్ప అది కదలదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, అలాంటి మనిషి ఒకరు మా ఊళ్ళో ఇందిరా నగర్‌లోనే ఉన్నారని తెలిసింది. మాలాగే తరతరాలుగా ఇక్కడ స్థిరపడిన తెలుగువాళ్ళ ఇంటి పెద్దావిడ. భర్త ఫ్రెంచివాళ్ళ ఆఫీసులో గుమాస్తాగా సెనెగల్‌కు బదిలీ అయితే, కొత్త పెళ్ళికూతురుగా ఆయన వెంట ఓడెక్కి వెళ్ళి, కొన్నేళ్ళు అక్కడ కాపురం చేసి వచ్చింది. నేను ఎగిరి గంతేసి, టేప్ రికార్డర్ పట్టుకుని పోయాను.

అవ్వ ఓడ గురించి చెప్పింది. గాలికి ఇంట్లోకి కొట్టుకొచ్చే ఇసుక గురించి, భర్త ఆఫీసు గురించి చెప్పింది. పక్కింటివాళ్ళు ఏం తినేవాళ్ళని అడిగితే మాత్రం, "అదంతా ఇప్పుడెందుకు పాపా, కాఫీ తాగు" అనేది. మళ్ళీ పోయినా అదే కాఫీ. నాకు ఒళ్ళు మండేది. ఏదో ఉందని తెలుస్తూనే ఉంది, అదేమిటో తెలియక మనసు కుదురుగా ఉండేది కాదు.

ఒక ఆదివారం ఆమే కబురు పెట్టింది, మధ్యాహ్నం సాపాటు తన దగ్గరేనని. వెళ్ళేసరికి కొడుకూ కోడలూ ఏదో పెళ్ళికి పోయి ఉన్నారు. ఇల్లంతా చేపా టమాటా ఉడికిన వాసన. అవ్వ హాల్లో చాప పరిచి, మధ్యలో ఒక పెద్ద పళ్ళెం తెచ్చి పెట్టింది. ఎర్రటి అన్నం, దాని నడుమ జాలర్లుండే సోలై నగర్ నుంచి తెప్పించిన చేప, చుట్టూ క్యారెట్, క్యాబేజీ ముక్కలు. అది సెనెగల్ వంట. దాని మీద నేను పేజీలకు పేజీలు రాశాను. రెండో పళ్ళెం కోసం అటూ ఇటూ చూశాను. లేదు.

అవ్వ ఒక పక్కన కూర్చుంది. నేను ఎదురుగా కూర్చున్నాను, చెయ్యి మాత్రం ఒళ్ళోనే ఉండిపోయింది. నీళ్ళ చెంబు కూడా పెదవికి తగలకుండా ఎత్తి తాగే ఇంట్లో పెరిగినదాన్ని. ఒకే పళ్ళెంలో అందరూ కలిసి తినడం ఎంత చక్కటి ఆచారమో క్లాసులో గంటసేపు చెప్పగలను. ఆ పళ్ళెం నా ముందుకే వచ్చేసరికి ఎంగిలి అన్న మాట ఒక్కటే బుర్రలో తిరుగుతోంది.

అవ్వ నా చేతి వైపు చూసింది. కోపం తెచ్చుకోలేదు.

"నేనూ ఇట్లానే కూర్చున్నాను పాపా" అంది. "మేము దిగిన కొత్తల్లో పక్కింటామె పిలిచి, ఇట్లానే చాప మీద కూర్చోబెట్టింది. నేను ఒళ్ళోంచి చెయ్యి తియ్యలా. పాపం, నాకు ఒళ్ళు బాగలేదనుకునింది. తర్వాత ఎంగిలి పట్టింపని తెలుసుకునింది. మళ్ళీ పిలిచినప్పుడు నాకు వేరే తట్టలో పెట్టింది. ఒక్క మాట అనలా. అప్పట్నుంచి ఎప్పుడు పోయినా నాకు వేరే తట్టే."

మా ఇళ్ళలో పళ్ళేన్ని తట్ట అంటాం. "మీకు అదే నిమ్మళంగా ఉండేదా అవ్వా?" అన్నాను.

"మొదట్లో ఉండె. వాళ్ళంతా ఒక పక్క, నేనొక పక్క. చూస్తా చూస్తా ఉంటే తెలిసింది. ఒకరి చెయ్యి ఇంకొకరి పక్కకు పోదు. ఎవురి ముందర ఉండేది వాళ్ళదే. నడాన ఉండే మీను మాత్రం ఆమే తుంచి అందరి పక్కకూ తోస్తుంది. నాకూ అట్లా తోస్తే బాగుండునని ఉండె. ఎట్లా అడిగేది? వద్దనింది నేనే గదా."

పళ్ళెం మీద వాలబోయిన ఈగను తోలింది.

"ఊరికి వచ్చేసే ముందు మళ్ళీ పిలిచింది. ఈ తూరి వాళ్ళతో కలిసి తినేస్తానని మనసులో అనుకునే పోయినాను. పోతే నా తట్ట ముందే కడిగి పెట్టి ఉండాది. కొత్తది, పూల బొమ్మలది. నాకోసమని కొనింది. దాంట్లోనే తినేసి వచ్చినాను."

నాకు ఏడుపొచ్చింది. అంతకాలం వెతికిన అధ్యాయం ఎదురుగా కూర్చుని మాట్లాడుతుంటే, టేప్ రికార్డర్ సంచిలోనే ఉంది. దాన్ని బయటికి తీయాలని కూడా తోచలేదు.

"ఇప్పుడు వండితే ఇంట్లో ఎవురూ నాతో కూర్చోరు" అంది అవ్వ. "ఎంగిలంటుంది కోడలు. నేను నేర్పించిందే గదా." అని, లేవడానికి చెయ్యి నేల మీద ఆనించి, "నీకూ వేరే తట్ట తెచ్చేదా పాపా?" అని అడిగింది.

"వద్దవ్వా" అని నా ముందున్న అన్నంలో చెయ్యి పెట్టాను.

మొదటి ముద్ద మింగడానికి కొంచెం కష్టపడ్డాను, ఆ తర్వాత ఏమీ అనిపించలేదు. అవ్వ తన పక్క ముట్టుకోకుండా నా చేతినే చూస్తూ కూర్చుంది. తర్వాత మధ్యలో ఉన్న చేపను తుంచి, ముల్లు తీసి, నా పక్కకు తోసింది.