గుండు మీది బోర్లు

హిందూపురంలో బస్సెక్కి కిటికీ పక్కన కూర్చోగానే ఉమారాణి ఫోనులో పటం తెరుస్తుంది. సోమందేపల్లి దాటేదాకా నీలిచుక్క రోడ్డు మీదే నడుస్తోందా, పక్క చేలల్లోకి దిగిందా అని చూస్తూ ఉంటుంది. దిగితే మెల్లగా చీవాట్లు పెడుతుంది. పక్క సీటువాళ్లు ఎవరితోనో మాట్లాడుతోందనుకుంటారు.

ఆమె ఉద్యోగం పెనుకొండలో ఓ చిన్న కంప్యూటర్ ఆఫీసులో. బోరుకు సాయం కోరిన రైతుల వివరాలు ఆ ఆఫీసు డేటాబేస్‌లో ఉంటాయి. ఊళ్లలోని పాత బోర్ల పటం మాత్రం వేరే ఆఫీసు సర్వర్‌లో ఉంది. ఆ రెంటినీ కలిపే పని ఉమారాణిది. రైతు పేరు కొట్టగానే చేనూ, దాని చుట్టుపక్కల బోర్లూ ఒకే పటం మీద చుక్కలుగా కనబడాలి. పాత బోరు మరీ దగ్గరుంటే అర్జీ దానంతటదే తిరస్కారంలో పడుతుంది. చాన్నాళ్లు కుస్తీ పట్టాక లింకు కుదిరింది. ఎర్రర్ ఒక్కటీ రాలేదు. ఆరోజు ఆఫీసంతటికీ మైసూర్‌పాకు పంచింది.

కొన్నాళ్లకు రొద్దం పక్క పల్లె నుంచి ఓబులమ్మ వచ్చింది. ఆమె అర్జీ తిరస్కారంలో పడింది.

"నా చేను పక్కన శానా బోర్లు ఉండాయంట కదా పాపా. యాడుండాయో చూపిస్తే ఈ పొద్దే నీళ్లు కట్టుకుంటా. చీనీ మొక్కలు ఎండిపోతాండాయి."

"సిస్టం తప్పు చెప్పదవ్వా" అన్నాడు మేనేజరు రఘునాథ్, తలెత్తకుండానే. ఆయన రోజూ ధర్మవరం నుంచి వచ్చిపోతాడు.

"మీ సిస్టం మా చేన్లోకి ఎప్పుడొచ్చె నాయనా? నాకు కనపడలేదే!"

ఉమారాణి నవ్వాపుకుని చుక్కల కింద ఉపగ్రహ చిత్రం పరిచింది. ఇన్నాళ్లూ లింకు కుదిరిందా అనే చూసింది గాని, చుక్కల కింద ఏముందో చూడలేదు. ఓబులమ్మ చేనూ, ఊళ్లోని బోర్లూ అన్నీ ఒకే నల్లమచ్చ మీద గుమిగూడి ఉన్నాయి.

ఓబులమ్మ వంగి చూసింది. "ఇది మా కోతిగుండు కదా! సిగ్నలు ఆడ తప్ప యాడా రాదు. బోర్ల జాగా రాసుకునేకి ఫోను పట్టుకోని ఎవరొచ్చినా గుండెక్కే నొక్కేది. నా అర్జీ కూడా ఆడ్నే నొక్కిరి. బండలో బోరెవురేస్తారు పాపా?"

ఉమారాణికి చెవులు వేడెక్కాయి. రఘునాథ్ ఇప్పుడు తలెత్తాడు. "సరే, ఈ అవ్వది దిద్దెయ్."

"మిగతావాళ్లవి సార్?" అంది ఉమారాణి, తనకే వినబడీ వినబడనట్టు.

ఆయన మళ్లీ ఫైల్లోకి తల దించాడు. మర్నాడు ఆమె పెనుకొండకు కాక ఓబులమ్మ ఊరికి వెళ్లింది. చేను నడుమ నిలబడి, సిగ్నలు లేకపోయినా ఫోను చూపించిన అక్షాంశ రేఖాంశాల అంకెలు కాగితం మీద రాసుకుంది. తర్వాత పక్క చేలోకి నడిచింది, ఆ తర్వాత ఇంకో చేలోకి. ఓబులమ్మ గొడుగు పట్టుకుని వెంటే తిరిగింది, "ఎండకు నల్లబడితే మీ నాయన నన్ను తిడతాడు" అంటూ.

ఎండలు ముదిరేలోగా అర్జీ మంజూరై ఓబులమ్మ చేలో బోరు పడింది. అప్పటికే కొన్ని బత్తాయి మొక్కలు పోయాయి. మిగిలినవి చిగురించాయి.

ఉమారాణి ఇప్పుడూ హిందూపురంలోనే ఉంటోంది. శనివారాలు మాత్రం పెనుకొండ బస్సు కాదు, ఇంకా చూడని చేల జాబితా పట్టుకుని రొద్దం బస్సెక్కుతుంది.