లారీకి కట్టిన ఇల్లు

మా అక్క మీనాక్షమ్మకు పెళ్లయి ముప్ఫై ఏళ్లు దాటింది. ఇన్నేళ్లలో మొగుడు ఇంట్లో పడుకున్న రోజులు ఎన్నని అడిగితే పండగలు లెక్కపెట్టుకోవాలి. అలాగని మా బావ హనుమంతప్ప చెడ్డవాడేం కాదు. తాగడు, తిరగడు. ఆయనకు ఒక లారీ ఉంది.

వాళ్లది ముళబాగిలు బజారులో రాగులు, కందులు అమ్మే అంగడి కుటుంబం. గల్లాపెట్టె ముందు కూర్చుంటే కాళ్లు తిమ్మిరెక్కుతాయని అంగడి అన్నకు వదిలేసి, తన భాగానికి లారీ కొనుక్కున్నాడు. రాత్రంతా టమోటాలో రాగులో వేసుకుని చిత్తూరు వైపు తోలడం, పొద్దున తిరిగి రావడం. అక్క బాడుగకున్న సందులోకి ఆటో దూరడమే కష్టం, ఇంక లారీ ఎక్కడ దూరుతుంది? దాన్ని హైవే పక్కనే నిలపాలి. పెళ్లయిన కొత్తలో ఒకసారి అలా నిలిపి, ఇంటికొచ్చి తిని కాసేపు కన్ను మూసేలోపల ఎవరో బ్యాటరీ విప్పుకుని, డీజిలు తోడుకుని పోయారు. ఆ రోజు నుంచి బావ ఇంటికి రావడం స్నానానికి, తిండికి మాత్రమే. పడక లారీ క్యాబిన్లోనే. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం ఆ రేకు డబ్బాలో పడుకునేవాణ్ణి ఏమనాలో నాకిప్పటికీ తెలియదు. అక్క మజ్జిగ పంపేది, విసనకర్ర పంపేది, ఏడ్చేది. కొన్నాళ్లకు ఏడుపు మానేసింది. అది చూస్తే నాకు ఇంకా ఒళ్లు మండేది.

అదే హైవే మీద నంగలి ఊరికి ఇవతల, రోడ్డుకు కొంచెం లోపల బావకు మెట్ట చేను ఉంది. అక్కడ కట్టాలనే మాట లేపింది అక్కే. ఇల్లు అనలేదు, లారీకి షెడ్డు అంది. షెడ్డు అంటే తప్ప ఆయన చెవికెక్కదని ఆమెకు బాగా తెలుసు. పెద్ద షెడ్డు, దాని గోడను ఆనుకుని ఒక గది, ఒక వంటిల్లు, స్నానానికి ఒక బచ్చలి. గదిలోంచి షెడ్డులోకి తెరుచుకునే కిటికీ ఒకటి. ఇంత చేను పెట్టుకుని ఒక్క గదికి దేబిరించడం ఏమిటని నేను కోప్పడ్డాను.

“గదులెన్నుంటే ఏమిటికమ్మా? మంచం మీంద నుంచి లారీ కనపడాల. కనపడితే మీ బావ ఇంట్లో పడుకుంటాడు,” అంది అక్క.

ఆ కట్టడం మొదలైన దగ్గర నుంచి ముగిసేదాకా వాళ్లిద్దరి ఒంట్లో సత్తువ లేకుండా పోయింది. కరెంటు కోసం వెళితే ఇది ఇల్లా, షెడ్డా తేల్చి చెప్పమని తిప్పారు. వాన పడితే కూలీలు రారు, కూలీలు వస్తే సిమెంటు ఉండదు. అక్క రోజూ బస్సెక్కి వచ్చి, గొడుగు పట్టుకుని గోడలకు నీళ్లు కొట్టేది. బావ రాత్రి బాడుగ ముగించుకుని, నిద్ర కళ్లతోనే క్వారీకి పోయి రాళ్లు వేసుకొచ్చేవాడు. ఇద్దరూ ఎదురుపడితే మాట్లాడుకోవడానికి కూడా ఓపిక ఉండేది కాదు.

షెడ్డు వాకిలి ఎంత ఎత్తు ఉండాలో తేల్చడానికి మేస్త్రీ ఓబలప్ప లారీనే అక్కడ నిలిపించి కొలిచాడు. ఆ పూట లారీ నిండా ఆ గోడలకే తెచ్చిన రాళ్లు ఉన్నాయి. ఆ కొలతకు పైన బెత్తెడు వదిలి కాంక్రీటు దూలం పోశారు. గది కప్పు కూడా ఆ దూలం మీదే కూర్చుంది. తరవాత చెమ్మ రాకుండా షెడ్డు నేల ఎత్తు చేసి గచ్చు వేశారు. ఒకడు పుట్టినప్పటి నుంచీ కొలతల్లో ఉన్నవాడు, ఇంకొకడు లారీలో ముసలివాడైనవాడు. ఇద్దరికీ తట్టలేదు.

గృహప్రవేశం నాడు వంటింట్లో పాలు పొంగాయి. అక్క కొత్త చీర కట్టుకుని, కొత్త మంచం మీద కొత్త దుప్పటి పరిచింది. బావ లారీని కడిగి, బంతిపూల దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, నెమ్మదిగా షెడ్డు వాకిట్లోకి తోలాడు. లోడు లేని లారీ స్ప్రింగుల మీద పైకి లేచి ఉంటుంది కదా. క్యాబిన్ నెత్తి దూలానికి తగిలి టక్కున ఆగింది. దండ నలిగింది.

“లోడు దించితే బండి లేస్తాదని మతికే రాలేదప్పా,” అన్నాడు ఓబలప్ప తల దించుకుని.

వచ్చినవాళ్లంతా తలా ఒక ఉపాయం చెప్పారు. దూలం కొట్టేద్దామంటే గది కప్పు కూలుతుంది. నేల తవ్వుదామంటే చేను వాలు ఇటే, వాన నీళ్లన్నీ వంటింట్లోకి వస్తాయి. లారీ నిండా రాళ్లు వేస్తే చక్కగా లోపలికి పోతుందని ఎవరో అన్నారు. నిజమే, పోతుంది. కానీ రోజూ ఆ బరువుతో నిలబెడితే లారీ ఏమవుతుంది? బావ అన్నీ విన్నాడు. నలిగిన దండ సర్ది, లారీని వెనక్కి తోలి వాకిలి బయట నిలిపాడు.

“పోనీలే. నేను బండిలోనే పడుకుంటాను,” అన్నాడు.

ఆ మాటకు అక్క మొహం చూసి నాకు ఏడుపొచ్చింది. బావను నోటికొచ్చినట్టు తిట్టాను. అక్క లోపలికి పోయి వచ్చినవాళ్లకు భోజనాలకు ఆకులు వేసింది.

మరుసటి రోజు బావ బాడుగ నుంచి వచ్చేసరికి గదిలో మంచం లేదట. అక్క ఒక్కతే దాన్ని ఈడ్చుకొచ్చి, షెడ్డు వాకిట్లో, సరిగ్గా ఆ దూలం కింద వేసింది. ఎదురుగా లారీ మూతి.

“బండి లోపలికి రాకుంటే పాయె. మంచం ఇక్కడికి వచ్చినాది. పడుకోండి,” అందట.

ఆ ఆదివారం మధ్యాహ్నం నేను వెళ్లాను. ముచ్చటపడి కట్టుకున్న గదిలో రాగుల మూటలు ఉన్నాయి. వాకిట్లో మంచం మీద బావ నిద్రపోతున్నాడు, కాళ్ల దగ్గర అక్క కూర్చుని అనపకాయలు వలుస్తోంది. దుమ్ము, ఈగలు, దారినపోయేవాళ్ల చూపులు. ఈ భాగ్యానికా ఇంత కట్టింది అని నేను మొదలుపెట్టబోయాను. అక్క చేత్తోనే ఆగమని, బావ కాలు చూపించింది.

నిద్రలో ఆయన కుడికాలు బ్రేకు మీద ఉన్నట్టు తొక్కుతోంది. వదులుతోంది, మళ్లీ తొక్కుతోంది. హైవే మీద ఏదో లారీ హారన్ కొట్టింది. కాలు గట్టిగా బిగిసింది, మెడ నరాలు ఉబ్బాయి.

“ఇన్నేండ్లూ ఇట్లనే ఉన్నాడేమో,” అంది అక్క మెల్లగా. “నేను యాడ చూసినాను?”

చేతిలో కాయలు పక్కన పెట్టి, ఆయన మోకాలి మీద చెయ్యి వేసి, చెవి దగ్గరికి వంగింది.

“ఊరొచ్చేసినాది. ఇంగ నిలపండి.”

కాలు ఇంకొక్కసారి తొక్కి, నెమ్మదిగా వదిలేసింది. నేను అక్క పక్కన కూర్చుని, చప్పుడు కాకుండా అనపకాయలు వలవడం మొదలుపెట్టాను.