ఎగిరే అబ్బాయి ఆ ఆదివారం ఏమన్నాడు

మొన్న మాఘమాసంలో రెండో ఆదివారం, మధ్యాహ్నం సరిగ్గా పన్నెండు గంటలకు, మా మనవరాలు హాల్లో గోడకున్న పెద్ద టీవీ పెట్టి, మామ్మా నీ ఎగిరే అబ్బాయి వచ్చాడు రావే అని కేకేసింది. పొయ్యి కట్టేసి వచ్చి చూద్దును కదా, తెల్లజుట్టు పెద్దమనిషి ఒకాయన, పొట్ట కాస్త ముందుకొచ్చి, సోఫాలో కూర్చుని నవ్వుతున్నాడు. ఆయనకు అటూ ఇటూ ఇంచుమించు అదే వయసు వాళ్ళు మరికొందరు. పాతికేళ్ళ కిందటి సీరియల్లో వేసినవాళ్ళందరినీ వెతికి పట్టుకుని ఒకచోట కూర్చోబెట్టి, ఆనాటి ముక్కలు చూపిస్తూ కబుర్లు చెప్పిస్తున్నారట. అప్పట్లో హిందీలో వచ్చిందంతా ఇప్పుడు తెలుగులోకి మార్చి వేస్తున్నారని మనవరాలు చెప్పింది. ఆ మాట వినగానే కుర్చీ లాక్కుని టీవీ ముందు కూర్చున్నాను. ఒక ఆదివారం నాడు ఆ మనిషి ఏం మాట్లాడాడో తెలుసుకోవాలని ఇన్నేళ్ళుగా కాచుకుని ఉన్నదాన్ని నేను.

నా ఈడువాళ్ళకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. మాది నిడదవోలుకు దగ్గర్లో కాలవగట్టు మీది ఊరు. రెండో పంట దాళ్వా బాగా పండిన ఏడు మా ఆయన చిన్న టీవీ ఒకటి కొన్నారు, నలుపూ తెలుపుది. డాబా మీద ఏంటెన్నా, గాలి వేసినప్పుడల్లా అది పక్కకు తిరిగిపోవడం, ఒకళ్ళు పైకెక్కి తిప్పుతుంటే ఒకళ్ళు మెట్ల మీదా ఒకళ్ళు టీవీ ముందరా నిలబడి బొమ్మ వచ్చిందనీ పోయిందనీ కేకలు అందించుకోవడం, అదంతా ఒక పని. ఆదివారం పన్నెండింటికి ఆ సీరియల్. బిగుతు బట్టలు వేసుకున్న మనిషి ఒకడు, భుజాన పైపంచె లాంటిది రెపరెపలాడిస్తూ, మబ్బుల్లోంచి దిగి దుర్మార్గుల్ని నాలుగు తన్ని మళ్ళీ ఎగిరిపోయేవాడు. ఆయనకేదో హిందీ పేరుంది. మా అత్తగారికి ఆ పేరుకు నోరు తిరగక ఎగిరే అబ్బాయి అన్నారు, అదే ఖాయమైపోయింది. ఎగిరినంతసేపూ బాగానే ఉండేది, నోరు విప్పితేనే చిక్కు. మా వీధి మొత్తం మీద హిందీ ముక్క వచ్చినవాడు లేడు. మా అబ్బాయికి బళ్ళో హిందీ ఉంది గానీ, వాడి హిందీ పరీక్ష కాగితం దాటి బయటికి వచ్చేది కాదు.

అలాంటప్పుడు వచ్చింది మా మరిది కూతురు. మా మరిదిది రైల్వేలో ఉద్యోగం, నిడదవోలు క్వార్టర్స్‌లో కాపురం. పిల్లకు అక్కడి నీళ్ళు పడటం లేదు, కొన్నాళ్ళు ఇక్కడి బళ్ళో చదువుకుంటుంది అని చెప్పి మా తోడికోడలు దాన్ని మా దగ్గర దింపి వెళ్ళింది. ఎనిమిదో తరగతి పిల్ల, సన్నగా రివటలా ఉండేది, కళ్ళు మాత్రం ఇంతింత. రైల్వే క్వార్టర్స్ అంటే నానా దేశాల వాళ్ళూ ఉంటారు, ఉత్తరాది వాళ్ళు పక్క వాటాలోనే ఉంటారు, ఈ పిల్లకు హిందీ మంచినీళ్ళప్రాయంగా వచ్చి ఉంటుంది అని మేమే అనుకున్నాం. అనుకోవడం కాదు, తీర్మానించేశాం, దాన్ని అడిగిన పాపాన పోలేదు. మొదటి ఆదివారమే మా అత్తగారు దాన్ని టీవీ పక్కన స్తంభానికి ఆనించి కూర్చోబెట్టి, ఏమంటున్నాడే చెప్పు అన్నారు. అది మా అందరి మొహాలూ ఒకసారి చూసింది. ఆ తరువాత చెప్పడం మొదలుపెట్టింది.

ఏం చెప్పేదండీ! దొంగల నాయకుడు నోరు తెరిస్తే, మా కాలవ లాకు దగ్గర నీళ్ళ వంతు కోసం తగువుకొచ్చే మనిషి మాటలే వచ్చేవి. పట్టుచీర కట్టుకుని కనిపించే ఆవిడ ఎగిరే అబ్బాయికి అక్క, తల్లీ తండ్రీ లేని తమ్ముణ్ణి పెళ్ళి మానుకుని పెంచింది. ఆవిడ తెర మీదకు వస్తే మా అత్తగారు కళ్ళు తుడుచుకునేవారు. మాది రంగుల టీవీ కాదు కదా, ఆయన బట్టలు ఏ రంగని అడిగితే, ఆకుమడి పచ్చ అని తడుముకోకుండా చెప్పింది. అప్పటినుంచి మా అందరికీ ఆయన ఆకుమడిలో లేత వరినారు పచ్చలోనే కనిపించాడు.

కథలోకి దిగే ముందు అది హాజరు పిలిచేది. పంతులమ్మలా నిలబడి, మామ్మా, పెదనాన్నా, పెద్దమ్మా, అన్నయ్యా అని వరసపెట్టి పిలుస్తుంది, ఎవరి వంతుకు వాళ్ళు ఉన్నాను అనాలి, అనకపోతే కథ కదలదు. మా ఆయన సీరియళ్ళు చూసే మనిషి కాదని పేరు, అందుకని పార కడుక్కునే నెపంతో గుమ్మంలో నిలబడి ఊఁ అనేవారు. ఊఁ చెల్లదు పెదనాన్నా అని అది మొండికేస్తే, ఉన్నానే తల్లీ అని లోపలికి వచ్చేసేవారు. అందరి వంతూ అయ్యాక ఆఖరున అమ్మా అని పిలిచేది. వాళ్ళమ్మ నిడదవోలులో ఉంటే ఇక్కడ పలికేదెవరు? అయినా పిలిచి, వీధి గుమ్మం వైపు చూసి, కాస్త ఆగి, అప్పుడు కథ మొదలుపెట్టేది. ప్రతివారం అంతే. బెంగ అని మాకు తెలుసు, కదిలిస్తే ఏడుస్తుందని ఎవరమూ కదిలించలేదు. ఒకసారి మా అత్తగారు వేళాకోళానికి, అందరినీ పిలుస్తావు, నువ్వున్నావో లేదో మాకెలా తెలుస్తుందే అన్నారు.

"పిలిచేది నేనే కదా మామ్మా. పిలిచేవాళ్ళ పేరు హాజరులో ఉండదు."

సీరియల్ చివర ఎగిరే అబ్బాయి మామూలు మనిషిలా నిలబడి, వేలు చూపిస్తూ పిల్లలకు నాలుగు మంచిమాటలు చెప్పేవాడు. అవీ ఇదే చెప్పాలి. ఒక ఆదివారం, ఏమన్నాడే అంటే, అది నా వైపు తిరిగి, చదువు రాని పెద్దవాళ్ళు ఇప్పుడైనా నేర్చుకోవాలిట, సిగ్గుపడకూడదుట అంది. నాకు మండింది. నలభై దాటిన దానికి ఓనమాలేమిటి, ఆకాశంలో తిరిగేవాడికి నా సంగతి ఎందుకు అన్నాను. మరుసటి వారం కూడా ఆయన అదే అన్నాడట. ఆ పై వారం, పోయినసారి చెప్పినా కొందరు వినలేదని కోప్పడ్డాడట. మా అత్తగారు, పోనీ నేర్చుకోవే, అంత పెద్దవాడు అన్నిసార్లు చెబుతుంటే, అన్నారు. సావిట్లో యూరియా బస్తాలు ఉండేవి, ఆ బస్తా మీది అక్షరాలే నాకు పలక. నేను మొట్టమొదట చదివిన మాట యూరియా, చెప్పుకోవడానికి నాకేం నామోషీ లేదు. ఆ తరువాత బస్సు బోర్డులు, పెళ్ళి శుభలేఖలు. నేను ఒక్కొక్కటీ కూడబలుక్కుని చదువుతుంటే అది పక్కన నిలబడి పెదవులు కదిపేది, నాకంటే ముందు మాట జారిపోకుండా చెయ్యి అడ్డం పెట్టుకునేది.

ఆ ఏడు వానలు వెనకబట్టే రోజుల్లో దానికి జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నాం. ఆదివారం నాడు తల నా ఒళ్ళో పెట్టుకుని పడుకునే హాజరు పిలిచింది, అమ్మా అని కూడా పిలిచింది. కథ మాత్రం సగం సగం చెప్పింది. చివర్న ఎగిరే అబ్బాయి వచ్చాడు, ఆ వేళ ఆయన చేతిలో ఒక పావురం ఉంది, దాన్ని నిమురుతూ చాలాసేపు మాట్లాడాడు. ఏమన్నాడే అని వంగి అడిగాను. కళ్ళు తెరవకుండానే, "వచ్చేవారం రెండూ కలిపి చెప్తాలే పెద్దమ్మా" అంది.

తెల్లారేసరికి దానికి తెలివి లేదు. రాజమండ్రి తీసుకెళ్ళాం, మెదడువాపు అన్నారు. డాక్టర్లు వాళ్ళు చెయ్యగలిగింది చేశారు. వచ్చే ఆదివారానికి అది లేదు.

కొన్నాళ్ళకు ఒక ఆదివారం, అలవాటు ప్రాణానికి ఎవరు పెట్టారో టీవీ పెట్టారు. అందరం ఎవరి చోట్లో వాళ్ళం కూర్చున్నాం, స్తంభం దగ్గర ఖాళీ అలాగే ఉంచి. హాజరు లేదు. తెర మీద అతను ఎగురుతున్నాడు, దిగుతున్నాడు, నోరు తెరిచి ఏమేమో అంటున్నాడు. ఒక్క మాటా మాకు తెలియడం లేదు, లేచి కట్టేసే ధైర్యమూ ఎవరికీ లేదు. మా అత్తగారే చివరికి, ఆపండర్రా, అతను మూగవాడైపోయాడు అన్నారు. మళ్ళీ ఆ సీరియల్ మా ఇంట్లో పెట్టలేదు.

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు, ఉన్నవాళ్ళతో తగువు పడను గానీ నాకు లేదు. కానీ ఆదివారం పన్నెండయ్యేసరికి నా చెవి దానంతటది నిక్కేది. ఒకసారి పశువుల శాలలో దూడను కడుతూ, పెద్దమ్మా అన్న పిలుపు విన్నట్టయి, ఉన్నాను అని పైకే అనేశాను. గడ్డి వేస్తున్న మా ఆయన చెయ్యి ఆగిపోయింది. ఆయన ఏమీ అడగలేదు, తరువాత కూడా ఎన్నడూ అడగలేదు. ఆయనకూ వినబడిందేమోనని నాకు ఇప్పటికీ అనుమానమే. చదువు మాత్రం మానలేదు, ఎగిరే అబ్బాయి చెప్పాడు కదా. పేపరు చదవడం వచ్చింది, కార్డు ముక్క రాయడం వచ్చింది, ఆ పావురం మాట మటుకు తెలియలేదు. రాజమండ్రి బస్సులో పక్కన కూర్చున్న ఒక హిందీ టీచరమ్మను కూడా అడిగాను, ఆవిడ ఆ సీరియల్ చూడలేదట, నన్ను అదోలా చూసి కిటికీ వైపు తిరిగింది.

అందుకే మొన్న కుర్చీ దిగకుండా కూర్చున్నాను. మా ఆయనా వచ్చి కూర్చున్నారు, ఆయనకు ఇప్పుడు చెముడు, బొమ్మ చూస్తారు. చేపల చెరువు దగ్గర్నుంచి అప్పుడే వచ్చిన మా అబ్బాయి, వాడి వెనక కోడలు, రిమోటు పట్టుకుని మనవరాలు. మరిది పోయిన దగ్గర్నుంచి మా తోడికోడలు మా ఇంట్లోనే ఉంటోంది, ఆమె ఒక మూల చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చుంది.

పాత ముక్క వేశారు. మొదటి దెబ్బ, ఆ బట్టలు ఆకుమడి పచ్చ కాదు, వంకాయ రంగు. పట్టుచీర ఆవిడ అక్క కాదు, పత్రికలో పనిచేస్తుంది, ఎగిరే అబ్బాయిని ప్రేమించింది. మా అబ్బాయి ఫక్కున నవ్వి, ఇదేంటమ్మా, ఈవిడ కోసమా మామ్మ ఏడ్చింది అన్నాడు, అంటూనే ఆగిపోయాడు. చివరి మంచిమాటలు వరసగా చూపించారు, పళ్ళు రెండు పూటలా తోమండి, రోడ్డు దాటేటప్పుడు అటూ ఇటూ చూడండి, అలాంటివి. పెద్దవాళ్ళు చదువుకోవాలన్న మాట ఎక్కడా లేదు. అంతలో పావురం కనిపించింది. గొంతు పెంచవే అన్నాను మనవరాలితో. పిల్లలూ, పక్షులకు గిన్నెలో నీళ్ళు పెట్టండి, గుప్పెడు గింజలు చల్లండి అన్నాడు. అంతే. నేను ఇన్నేళ్ళు మోసింది ఆ గిన్నెడు నీళ్ళను.

చిక్కుడుకాయల మీంచి తల ఎత్తకుండా మా తోడికోడలు అంది.

"దానికి హిందీ ఎక్కడొచ్చక్కా. హిందీలోనే తప్పింది. ఆ బడికి పోను, అందరూ నవ్వుతున్నారని ఏడిస్తే, ఇక్కడికి తెచ్చాం. నీళ్ళు పడలేదని మీకు అబద్ధం చెప్పాం."

మరి ఆ కథలు చెబుతోందని నీకు తెలుసా అన్నాను. పండక్కి ఇంటికి వచ్చినప్పుడు రాత్రంతా చెప్పి నవ్వించేదట. వద్దే, పెద్దమ్మకు తెలిస్తే బాగోదు అంటే, పెద్దమ్మకు అక్షరాలు వచ్చేదాకా చెప్పకమ్మా అందట. పిల్ల పోయాక చెప్పడానికి తనకు నోరు రాలేదు అంది.

అప్పుడు నేనూ నా దగ్గరున్నది చెప్పాను. అది హాజరు పిలిచేదని ఆమెకు తెలుసు గానీ, ఆఖరున ఎవరిని పిలిచేదో తెలియదు. ప్రతివారం నిన్ను పిలిచేదే, నువ్వు లేకపోయినా పిలిచి గుమ్మం వైపు చూసేది, ఒళ్ళు కాలిపోతున్న ఆ రోజు కూడా పిలిచింది అని చెప్పాను. మెత్తగా చెప్పడం నాకు చేతకాదు. ఆమె చేతిలోని కాయ అలాగే ఉండిపోయింది.

ఇప్పుడు ఏ దేశం మాటైనా తెలుగులో వచ్చేస్తోంది, ఎవరి ఫోను వాళ్ళ చేతిలో ఉంది, ఎవరో ఒకరు చెప్పాలని ఎవరూ కాచుకోనక్కర్లేదు. మంచిదే, కాదనను. కానీ అందరూ వచ్చారా అని చూసుకుని మొదలయ్యేది ఏదీ ఇంట్లో మిగల్లేదు. మనం చూడటానికి కూర్చున్నామో లేదో ఆ టీవీకి అక్కర్లేదు. పచ్చగా లేని ఆ మనిషి నాకు పరాయివాడు. మా ఎగిరే అబ్బాయి వేరు, అతనికి హిందీ రాదు, నా చదువు సంగతి అతనికి తెలుసు.

మా అబ్బాయి మనవరాలి చేతిలోంచి రిమోటు తీసుకుని గొంతు కట్టేశాడు. తెర మీద ఆ తెల్లజుట్టు పెద్దమనిషి లేచి, వేలు చూపిస్తూ పెదవులు కదపడం మొదలుపెట్టాడు. మాట లేదు. పాతవాళ్ళం అంతా ఒకసారి, ఇల్లు తిరగకట్టక ముందు స్తంభం ఉన్న వైపు, ఇప్పుడు ఫ్రిజ్ ఉన్న వైపు, ఎందుకు చూశామో చూశాం. ఎవరూ పిలవలేదు. మా తోడికోడలు నెమ్మదిగా, ఎదురుగా ఉన్నవాళ్ళకు చెప్పినట్టే అంది.

"ఉన్నాను."

తరువాత నేను అన్నాను. మా అబ్బాయి అన్నాడు. చెముడున్న మా ఆయన, ఏం వినబడిందో, ఊఁ అని, మళ్ళీ సర్దుకుని ఉన్నానే తల్లీ అన్నారు. ఏమీ తెలియని కోడలూ మనవరాలూ మా మొహాలు చూసి, వాళ్ళూ అన్నారు. మొట్టమొదట పలకాల్సిన మా అత్తగారి వంతు ఖాళీగా పోయింది.

ఆ వేళ అక్కడ ఉన్నవాళ్ళం: మా తోడికోడలు, నేను, మా అబ్బాయి, మా ఆయన, కోడలు, మనవరాలు. పిలిచినదాన్ని ఇందులో రాయలేదు. దాని పద్ధతి అది.