గీతలున్న మాజాంగ్ బిళ్ళలు

2023 వానాకాలం. ఇబ్రహీంపట్నంలో నాది నేమ్‌ప్లేట్లు, షీల్డులు చేసే దుకాణం. పనంతా లేజర్ ఎన్‌గ్రేవింగ్. అంటే సన్నటి వెలుగుతో చెక్కనో, ప్లాస్టిక్ లాంటి అక్రిలిక్ షీటునో కాల్చి అక్షరాలు దించడం. కొత్త ఇళ్ళ పేర్లు, రిటైరయ్యే సార్ల షీల్డులు చేసీ చేసీ విసుగొచ్చి ఉన్నాను. అప్పుడు శేరిగూడ ఇంజనీరింగ్ కాలేజీ నుంచి నలుగురు ఆడపిల్లలు ఫోను పట్టుకుని వచ్చారు.

ఫోనులో జపాన్ కార్టూన్ సీరియల్. యానిమే అంటారట. స్కూలు అమ్మాయిలు బల్ల చుట్టూ కూర్చుని మాజాంగ్ పోటీలు ఆడుతున్నారు. మన రమ్మీ లాగే జతలు, వరసలు కుదుర్చుకోవాలి, పేకముక్కలకు బదులు బిళ్ళలు. ఒక పిల్ల బిళ్ళ పెట్టిందో లేదో వెనకాల మెరుపులు, గాలివాన!

"గింత బిళ్ళకు గన్ని పిడుగులేందే?" అన్నాను.

"గదే మజా అక్కా! మాకు గసొంటి సెట్టు చేసియ్యి. చెక్కతోనే కావాలె, మస్తుంటది" అంది శ్రావణి. యాచారం నుంచి రోజూ బస్సులో వచ్చే పిల్ల.

శనివారం ప్రిన్సిపాల్ ముందు ఆడి చూపించాలట. నచ్చితే వాళ్ళ క్లబ్బుకు గది ఇస్తారు. పేకాటలా కనబడిందా, ఇక అంతే. మిగతావాళ్ళు ముందు నడుస్తుంటే శ్రావణి వెనక్కి వచ్చి మెల్లగా చెప్పింది.

"మొదటేడాదంతా ఒక్కదాన్నే కూసోని బువ్వ తిన్న అక్కా. గీ సీరియల్‌తోనే వీళ్ళు దోస్తులైన్రు. తలా ఒక బ్రాంచి. రూం దొరకకపోతే మళ్ళ ఎక్కడోళ్ళం అక్కడ్నే."

ఆ మాటకు నా మనసు కరిగిపోయింది. మంచి టేకు తీశాను. చెక్కలో సహజంగా ఉండే గీతలను గ్రెయిన్ అంటాం. నేమ్‌ప్లేటుకు జనం అదే అడిగి మరీ చేయించుకుంటారు. ఒక్కో బిళ్ళ వెనక ఒక్కో అందమైన గీత వచ్చేలా ఏరి ఏరి కోసి, ముందువైపు ఆట బొమ్మలు దించి రంగులద్దాను. గురువారం పిల్లలు చూసి గంతులేశారు. అక్కడే నా కౌంటరు మీద ఆట మొదలుపెట్టారు.

శ్రావణి గెలిచింది. మళ్ళీ గెలిచింది. మూడో ఆట మధ్యలో చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"గెలుస్తుంటే గా మొహమేందే?" అన్నాను.

"నేను గెలుస్తలేనక్కా. రమ్య దగ్గర ఏమున్నయో నాకు ఎరకైతున్నది." ఎదురుగా రమ్య తన వైపు ముఖాలు పెట్టి నిలబెట్టుకున్న బిళ్ళల్లో ఒకటి చూపించింది. "వెనక కన్ను లెక్క గీత ఉంటే గది ఎర్ర బిళ్ళ."

నాకు చుర్రుమంది. "చెక్కకు గీతలుండక ఏముంటయే? చూడకుండ ఆడు!"

"ఎట్ల చూడకుంటనక్కా? కండ్ల ముంగటనే ఉన్నయి గద."

నలుగురూ బిళ్ళలు తిప్పి తిప్పి చూశారు. నిజమే. గీతలు కనబడేలా చేయడమే ఇన్నేళ్ళ నా గొప్ప, ఈ ఆటకు అవే శత్రువులు. రమ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఏడ్సుడు బంద్ చేసి ఇసుక కాగితం పట్టుండ్రి" అన్నాను. శుక్రవారం దుకాణంలో వేరే పని ముట్టలేదు. వెనకవైపు నునుపుగా రుద్ది, నల్ల అక్రిలిక్ ముక్కలు అతికించి, పక్కలకు నల్ల రంగు వేశాం. ముచ్చటపడి ఏరుకున్న గీతలన్నీ కప్పబడిపోతుంటే ప్రాణం ఉసూరుమంది.

శనివారం షట్టరు దించి నేనూ వెళ్ళాను. ప్రిన్సిపాల్ ఆట చూసి మొహం చిట్లించారు.

"ఇది పేకాటే కదమ్మా?"

ముగ్గురూ తలలు దించుకున్నారు. శ్రావణి లేచి నిలబడింది.

"సార్, ముందుగాల బిళ్ళల వెనక గీతలుండె. అందరియి నాకు తెలుస్తుండె. గెలుసుడే కావాలంటే నోరు మూసుకుందును. నాకు వీళ్ళతోని ఆడుడు కావాలె సార్."

ఆయన కుర్చీ లాక్కుని "ఏదీ, నాక్కూడా చెప్పండి" అన్నారు. ఆ రోజు చిత్తుగా ఓడారు, గది మాత్రం ఇచ్చారు. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

పనితనం చూపించుకోవాలన్న యావ నాకు ఇప్పటికీ ఉంది. కానీ ఆర్డరు తీసుకునేటప్పుడు, దీన్ని ఎవరు ఎలా వాడతారని ముందే అడుగుతున్నాను. శ్రావణి చదువు అయిపోయేదాకా, సాయంత్రం బస్సుకు పోతూ దుకాణం ముందు ఆగి అరిచేది.

"అక్కా, ఇయ్యాల గూడ ఓడిపోయిన!"

అంత సంబరంగా ఓటమి చెప్పుకునే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.