వీపు మీద రసమట్టం

మట్టం మేస్త్రి అంటే ఆ చుట్టుపక్కల తెలియనివాళ్ళు లేరు. ముప్పై ఏళ్ళుగా టైల్స్ పరిచే పని ఆయనది. గాజు గొట్టంలో బుడగ ఆడే రసమట్టం చంకలో లేకుండా ఆయన్ని ఎవరూ చూసి ఎరగరు. బుడగ రెండు గీతల మధ్య కుదురుగా నిలిస్తేగాని రెండో టైలు ముట్టుకోడు. వియ్యంకుడింటికి భోజనానికి వెళ్ళి, బల్ల ఓ పక్కకి దిగిందని దాని కాలి కింద అట్టముక్క దోపి వచ్చిన ఘనుడు. అలాంటి మనిషికి నలభై ఎనిమిదో ఏట, టైల్స్ పెట్టె ఎత్తి పక్కకి తిరుగుతుంటే నడుములో ఏదో కలుక్కుమంది. అంతే, ఐదు నెలలు మంచానికీ కుర్చీకీ అంకితమైపోయాడు.

ఫిజియోథెరపీ చేసే అమ్మాయి వ్యాయామం మొదలుపెట్టమంటే ఆయనకి నవ్వొచ్చింది.

"నాకు వ్యాయామమేమిటమ్మా? పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇన్నేళ్ళూ చేసింది అదేగా."

"అది పని, మేస్త్రి గారూ. నడుం చేత చాకిరీ చేయించుకున్నారు గానీ, దాని బాగోగులు ఎప్పుడైనా చూశారా?"

ఆ అమ్మాయి చేతులూ మోకాళ్ళూ నేలకి ఆనించి, కుడి చెయ్యి ముందుకీ ఎడమ కాలు వెనక్కీ చాచి చూపించింది. వీపు బల్లలా ఉండాలట, మీద నీళ్ళ గ్లాసు పెట్టినా తొణక్కూడదట. రెండు వైపులా ముప్పై లెక్కపెట్టేదాకా అలా నిలవగలిగితే పనికి వెళ్ళొచ్చంది. పెట్టెలు మాత్రం వేరేవాళ్ళు మొయ్యాలి.

మేస్త్రికి పని మీద ఎంత ఆశ ఉందో ఆ పిల్లకి తెలియదు. గ్రంథాలయానికి కొత్తగా చదువుకునే హాలు కడుతున్నారు. అంత పెద్ద నేల మొత్తం తన చేతి మీదుగా పరిచే అవకాశం ఆయనకి జీవితంలో ఇంతవరకూ రాలేదు. "ఒకటో తారీఖు దాకా నీ కోసం ఆపుతా. ఆ తర్వాత నా చేతుల్లో లేదు" అన్నాడు కాంట్రాక్టరు. ఇంకా ఇరవై ఆరు రోజులుంది.

మర్నాడే మొదలుపెట్టాడు. ముందు గది కిటికీ వీధిలోకి ఉంటుంది. నాలుగు కాళ్ళ మీద నిలబడి ఊరికి వినోదం పంచడం ఇష్టం లేక, బట్టలుతికే వెనక వరండా ఎంచుకున్నాడు. ఇంట్లో రసమట్టం ఉండగా గ్లాసెందుకు? భార్యని పిలిచి దాన్ని మెడ నుంచి నడుం దాకా వీపు మీద పొడవుగా పెట్టమన్నాడు.

"బుడగ ఎక్కడుంది?"

"నడుం వైపుకి పోయిందండీ."

బుడగ ఎప్పుడూ ఎత్తున్న వైపుకే పోతుంది. అంటే నడుం ఎత్తుగా ఉందన్నమాట. కిందికి గుంజాడు. బుడగ గీతల మధ్యకి వచ్చింది గానీ నడుములో మాత్రం మంట పుట్టింది. పది రోజులు అలాగే గుంజాడు. లెక్క పన్నెండు దాటలేదు, నొప్పి మాత్రం రోజురోజుకీ పెరిగింది. ఆశ అడుగంటింది.

"అందరి నేలలూ సరిచేశాను, నా వీపు సరిచేసుకోలేకపోతున్నాను. రానని కాంట్రాక్టరుకి చెప్పేస్తా."

"ఒకటో తారీఖు ఇంకా రాలేదుగా. వంగండి" అంది భార్య.

వంగాడు. రసమట్టం అందుకోబోతుంటే ఆవిడ మోచెయ్యి తగిలి బకెట్లో నీళ్ళు ఒలికాయి. ఆ నీళ్ళు ఆయన మోకాళ్ళ దగ్గర నుంచి చేతుల మధ్యగా సాగి, ముక్కు కింద నుంచే జారి, ఎదురుగా ఉన్న తూములోకి పోయాయి. మేస్త్రి కళ్ళప్పగించి చూశాడు.

"ఇంకో చెంబుడు పొయ్యి."

"ఎక్కడ?"

"మోకాళ్ళ దగ్గర."

పోసింది. ఆ నీళ్ళూ అదే దారి పట్టాయి. ఆ నేల పరిచింది ఎవరో కాదు, పద్దెనిమిదేళ్ళ కిందట తనే. నీళ్ళు నిలవకూడదని తూము వైపుకి వాటంగా, పట్టుబట్టి మరీ వాలు పెట్టింది తనే.

"ఈ వరండాలో చుక్క నీరు నిలవదని వచ్చినవాళ్ళందరికీ చూపిస్తారుగా!" అంది భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

దీపం కింద చీకటంటే ఇదే. వాలు నేల మీద బుడగని మధ్యకి తేవాలని, పది రోజులుగా వంకర లేని వీపుని వంకర పెట్టుకుంటున్నాడు. అలా నేల మీదే ఉండి, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వాడు. ప్రాణం లేచొచ్చినట్టయింది.

సిగ్గు గాలికొదిలేసి ముందు గదిలో దుప్పటి పరిచాడు. ఎదురింటి టీచరమ్మ ముక్కున వేలేసుకుంది. వేసుకోనీ! నడుముని గుంజడం మానేసి దాని మానాన దాన్ని ఉండనిచ్చాడు. బుడగ మధ్యలోకి వచ్చింది, మంట లేదు. నాలుగు రోజులకి పదిహేను, ఇంకో వారానికి ఇరవై నాలుగు. రోజూ అలారం కంటే ముందే లేచి, చిన్నపిల్లాడిలా భార్యని తట్టి లేపేవాడు.

ముప్పయ్యో తారీఖు పొద్దున కుడివైపు ముప్పై పూర్తయింది. మిగిలింది కష్టమైన ఎడమవైపు.

"పైకి లెక్కపెట్టకు. ముప్పై అవగానే చెప్పు."

చెయ్యీ కాలూ చాచాడు. చెమట కారి గడ్డం దాకా వచ్చింది. కాలు వణకడం మొదలైంది. వెనక చప్పుడు లేదు.

"ఇంకా కాలేదా?"

"యాభై రెండు" అంది భార్య సన్నగా.

మేస్త్రి దభీమని దుప్పటి మీద వాలిపోయాడు. "ముప్పైకే చెప్పమన్నానుగా!"

"బుడగ కదలడం లేదండీ. చూస్తూ నోరు పెగల్లేదు" అంటూ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఆ సాయంత్రమే ఫిజియో అమ్మాయి పనిచేసే చోటికి వెళ్ళి, ముందు అక్కడి నేల మట్టం చూసి, ఆ తర్వాతే వంగాడు. ఆ అమ్మాయి నవ్వుతూనే లెక్కపెట్టి, పనికి వెళ్ళొచ్చని కాగితం రాసిచ్చింది.

ఒకటో తారీఖు తెల్లారగానే భార్య పనిముట్ల సంచి సర్ది, రసమట్టం శుభ్రంగా తుడిచి చేతికిచ్చింది. ఆయన దాన్ని తీసుకెళ్ళి ముందు గదిలో దుప్పటి పక్కన గోడకి ఆనించి వచ్చాడు.

"అదేమిటి, అది లేకుండా వెళ్తారా?"

"దారిలో ఇంకోటి కొంటాను. పనిలో పడి దీన్ని అక్కడే మర్చిపోయానంటే, రేపు పొద్దున నా వీపు మీద ఏం పెడతావు?"